సూటు

దామలచెరువు మండీలో జూన్ నెల.
బెంగుళూరా కాయల జిగురు
చొక్కాకు, చేతికి, ఆఖరికి లెక్కల బుక్కుకూ.
పాకాల రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు
హారన్ కొట్టడం కూడా మానేసి నిలబడినాయి.

కాటా దగ్గర నేను.
టన్నుకు నూరు కిలోలు సూటు.
తాతల కాడ్నుంచీ వస్తాండే మాట.
ఎవురు పెట్టినారో ఎవురికీ తెలీదు,
దేవుడు పెట్టినట్టే అందరూ తలకాయ ఊపుతారు.
అది గాక యజమాని చెప్పిన ఇంకో ఇరవై
మీట మీద, నా బొటనవేలి కింద ఉంటాది.
ఎర్ర అంకెలు ఒక్క రెప్పపాటు తడబడి
మళ్లీ బుద్ధిగా నిలబడతాయి.

మొగిలమ్మకు అంకెలు రావు.
నా మొగం చదివింది.
"అంతేనా నాయినా?"
"అంతే" అన్నాను.
రెండక్షరాలు.
తూకం వేస్తే ఎంతుంటాయో.

ఇంటికాడ నాయన. పేరు ఆశీర్వాదం.
చక్కెర జబ్బు కండ్లు రెండూ తీసుకపోయి మూడేండ్లు.
అంతకుముందు ముప్పై ఏండ్లు ఆదివారం బడిలో
నల్ల అట్ట పుస్తకం ఒళ్లో పెట్టుకొని
మాకు మేకతోలు కథ చెప్పినోడు.

గుడ్డి తండ్రి. వేటమాంసం మీద ఆశ.
చిన్నోడు చేతులకు మేకతోలు చుట్టుకొని
అన్న పేరు చెప్పి దీవెన ఎత్తుకపోయినాడు.
గెలిచినాడని మేం చప్పట్లు కొడితే
నాయన నవ్వేవాడు గాదు.
"ఉండండబ్బా, మేక ఇంకా చావలేదు."

ఆ చిన్నోడే పెండ్లికొడుకైతే
ముసుగులో ఉన్నది చెల్లెలనుకున్నాడు,
తెల్లారి చూస్తే అక్క.
ముసిలోడై, బిడ్డ చొక్కా చేతుల్లో పెట్టుకొని ఏడిస్తే
దానికంటిన నెత్తురు మేకది.
తెచ్చిచ్చింది కన్నకొడుకులే.
"అబద్ధం అప్పు లాంటిది గాదురా,
అప్పు తీరిస్తే పోతాది.
ఇది మేక. యాడ వదిలినా
పొద్దుగూకే యాళకు ఇల్లు వెతుక్కుంటా వస్తాది."

ఆ రాత్రి సంగటి ముద్ద అందిస్తా ఉంటే
మణికట్టు పట్టుకున్నాడు. జిగురు తగిలింది.
"ఈ పొద్దు ఎంత తూగె?"
చెప్పినాను, నూరు తీసి, ఇరవై మింగి.
"చెయ్యి నీదేరా.
గొంతే ఎవురిదో."

కోపమొచ్చింది.
సలోమత్తను లాక్కొచ్చినాను సాక్ష్యానికి.
చిత్తూరు మిషన్ ఆస్పత్రిలో ఆయా.
కులం దాటి పెండ్లాడిన పిల్ల కోసం
కట్టెలు పట్టుకొని నలుగురొస్తే
"ఈడికెవురూ రాలే" అని గడపకడ్డం నిలబడింది.
పిల్ల లోపలే, మురికి దుప్పట్ల కుప్ప కింద.
"అది అబద్ధం గాదా? మెచ్చుకుంటివే!"

సంగటి మింగేదే గానీ నమిలేది గాదు.
ఆ రాత్రి నాయన నమిలినాడు.
"మగబిడ్డల్ని చంపమని రాజు చెప్తే
ఆ మంత్రసానులూ అట్లనే బొంకిరి.
దేవుడు కోపం చెయ్యలే, వాళ్ల కొంపలు నిలబెట్టె."
నీళ్లు తాగి, చెంబు కోసం గాక నా కోసం తడిమి,
"మీ అత్త అబద్ధం కింద ఒక పిల్ల దాక్కోనుండె.
నీ దాని కింద ఏముండాది?"

ఇరవై కిలోల మామిడికాయలు.
నేను పైకి చెప్పలేదు.
ఆయనకు వినపడినట్టుంది.

చిన్నప్పుడు పలక మీద ఆయన దిద్దించిన మాట, సూటి.
గుడి తీసేసి కొమ్ము పెడితే
సూటు.
మేకకుండేదీ కొమ్మే గదా.

మర్నాడు మొగిలమ్మ బండి కాటా ఎక్కినప్పుడు
బొటనవేలు జేబులో పెట్టుకున్నాను.
నూరు కిలోలు మాత్రం ఎప్పట్లానే పోయె,
దాన్ని ఆపే వేలు నాకు లేదు.
తూకం గట్టిగా చదివినాను,
గుమాస్తా గదిలో ఫ్యాన్ కింద యజమాని తల ఎత్తినాడు.

మొగిలమ్మ గంపలు వేళ్ల మీద ఎంచుకొని
నా మొగంలోకి అనుమానంగా చూసింది.
"నిన్నటంత కాయే గదా,
ఎక్కువెట్లొచ్చె?
మిషన్‌కేమన్నా అయిందేమో చూడు నాయినా.
తప్పు తూకమైతే నాకొద్దు."